జైలు నుంచి ఎప్పుడొస్తాడు? వేళ్ల మీద లెక్కేసి చూద్దాం

ప్రశ్న: మా ఆయన రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. పొలం గట్టు గొడవలో ఇద్దరికి దెబ్బలు తగిలితే 2022 మార్చి 14న అరెస్టు చేశారు. జూన్ 10న బెయిలు మీద వచ్చాడు. తర్వాత ఒక వాయిదాకి వెళ్లలేదని 2023 నవంబరు 2న వారెంటు మీద తీసుకెళ్లి సబ్‌జైల్లో పెట్టి 15న వదిలారు. 2024 సెప్టెంబరు 18న అసిస్టెంట్ సెషన్స్ కోర్టు ఐపీసీ 326 కింద అయిదేళ్లు, 324 కింద ఏడాది శిక్ష వేసింది. రెండూ ఏకకాలంలో అన్నారు. జరిమానా ఒకదానికి 10 వేలు, ఇంకోదానికి వెయ్యి. కట్టకపోతే వరుసగా ఆరు నెలలు, ఒక నెల అదనం. ఇంకా కట్టలేదు. అప్పీలు వేశాం. ఇంకో కోర్టులో పేకాట కేసు కూడా ఉంది. జైల్లో రాత్రి, పగలు వేర్వేరు రోజులుగా లెక్కేస్తారని, సగానికే వదిలేస్తారని ఊళ్లో అంటున్నారు. ఆగస్టు 15 లిస్టులో పేరు పెట్టిస్తానని ఒకతను 50 వేలు అడుగుతున్నాడు. పాప ఇప్పుడు నాలుగో తరగతి. అసలు ఆయన ఎప్పుడొస్తాడు?
– ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా

జవాబు: ముందు తేదీ చెప్పేస్తాం, లెక్క తర్వాత. మీరు రాసిన వివరాల ప్రకారం, జరిమానా కట్టి, పేకాట కేసు అడ్డం రాకుండా చూసుకుంటే మీ ఆయన శిక్ష 2029 జూన్ 6తో అయిపోతుంది. జరిమానా కట్టకపోతే 2030 జనవరి మొదటి వారం దాకా లోపలే. జైల్లో సంపాదించుకునే రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు, ఈ తేదీ కన్నా ఎంతో కొంత ముందే బయటికి తెస్తుంది. అది ఎన్ని రోజులన్నది మాత్రం జైలు రికార్డు చూస్తేనే తెలుస్తుంది.

రాత్రి, పగలు వేర్వేరు రోజులన్నది ఒట్టి కట్టుకథ. ఏ చట్టంలోనూ, ఏ జైలు మాన్యువల్‌లోనూ లేదు. ఇరవై నాలుగు గంటలకి ఒక్కటే రోజు. నెల అంటే క్యాలెండరు నెల, ఏడాది అంటే క్యాలెండరు ఏడాది.

ఇక లెక్క. శిక్ష తీర్పు రోజునే మొదలవుతుంది. 2024 సెప్టెంబరు 18న పడ్డ అయిదేళ్లు 2029 సెప్టెంబరు 17తో ముగుస్తాయి. ఏకకాలంలో అన్నారు కాబట్టి ఏడాది శిక్ష ఆ అయిదేళ్లలోనే కలిసిపోతుంది. ఆ ముక్క చిన్నదేమీ కాదు. ఒకే కేసులో రెండు శిక్షలు పడి, ఏకకాలంలో అని కోర్టు రాయకపోతే ఒకటి అయ్యాక ఒకటి అనుభవించాల్సిందే. కాబట్టి తీర్పు చివరి పేజీల్లో ఆ వాక్యం ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. జైలు శిక్ష పడ్డవాళ్లకి తీర్పు కాపీ ఒకటి కోర్టే ఉచితంగా ఇవ్వాలి. అది చేతికి రాకపోతే లాయరు చేత కాపీయింగ్ సెక్షన్లో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించండి.

ఆ అయిదేళ్లలోంచి తీర్పుకి ముందు ఇదే కేసులో లోపలున్న రోజులు తీసేయాలి. దీన్నే సెట్ ఆఫ్ అంటారు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 428వ సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 468. వేళ్ల మీద లెక్కేద్దాం. 2022 మార్చి 14 నుంచి 31 దాకా 18 రోజులు, ఏప్రిల్ 30, మే 31, జూన్‌లో 10. మొత్తం 89. మీరు ఒక వాక్యంలో రాసేసి వదిలేసిన 2023 నవంబరు 2 నుంచి 15 దాకా ఇంకో 14. రెండూ కలిపితే 103. సెప్టెంబరు 17 నుంచి 103 రోజులు వెనక్కి వెళ్తే జూన్ 6.

అసలు తిరకాసు ఆ 14 రోజుల దగ్గరే. తీర్పు రాసేటప్పుడు, శిక్ష వారెంటు నింపేటప్పుడు మొదటి రిమాండు తేదీలు ఫైల్లో పైనే కనిపిస్తాయి. వాయిదా తప్పినందుకు ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంటు) మీద పట్టుకెళ్లి సబ్‌జైల్లో ఉంచిన రోజులు మాత్రం ఎక్కడో మధ్య పేజీల్లో ఉండిపోతాయి. పైగా మొదటిసారి ఒక జైలు, రెండోసారి వేరే సబ్‌జైలు అయితే సెంట్రల్ జైలు వాళ్లకి ఆ సంగతి తెలిసే దారే ఉండదు. కోర్టు పంపిన వారెంటులో ఏ తేదీలుంటే వాళ్లు అవే తీసేస్తారు. అందులో 89 రోజులే ఉంటే విడుదల తేదీ జూన్ 20 అవుతుంది. రెండు వారాలు ఊరికే పోయినట్టు.

అందుకని శిక్ష వారెంటులో సెట్ ఆఫ్ కింద ఏ తేదీలు రాశారో కనుక్కోండి. ములాఖత్‌కి వెళ్లినప్పుడు మీ ఆయన్ని అడిగితే చాలు, జైలు ఆఫీసులో ఆయనకి చెబుతారు. తేడా ఉంటే సబ్‌జైలు నుంచి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా కేసులో ఇక్కడ ఉన్నాడని ధ్రువపత్రం తీసుకుని, శిక్ష వేసిన కోర్టులోనే 428 కింద పిటిషన్ వేయించండి. కోర్టు సవరించి జైలుకి రాస్తుంది. సెట్ ఆఫ్ దయాదాక్షిణ్యం కాదు, హక్కు. అయినా తేదీలు చూపించాల్సింది మనమే. ఇంకో చిన్న మాట. అరెస్టు ఒక రోజు, మేజిస్ట్రేటు ముందు రిమాండు మర్నాడు అయితే లెక్కలో ఒక రోజు అటూఇటూ అవుతుంది. రిమాండు రిపోర్టు జిరాక్సు దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు జరిమానా. మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. జరిమానా కట్టనందుకు పడే జైలుకి ఏకకాలం వర్తించదు, సెట్ ఆఫ్ కూడా వర్తించదు. అసలు శిక్ష అయిపోయాక ఆరు నెలలు, ఆపైన ఒక నెల, విడివిడిగా అనుభవించాలి. అంటే 11 వేల రూపాయల కోసం ఏడు నెలలు. ఆగస్టు 15 లిస్టు పేరు చెప్పి 50 వేలు అడుగుతున్నవాడికి అందులో ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండా, ముందు ఈ 11 వేలు శిక్ష వేసిన కోర్టులో కట్టి రసీదు తీసుకోండి. రసీదు మీద కేసు నంబరు, మీ ఆయన పేరు, ఏ సెక్షన్ జరిమానాయో సరిగ్గా ఉన్నాయా అని కౌంటరు దగ్గరే చూసుకోండి. తర్వాత దాని కాపీ జైలు సూపరింటెండెంట్‌కి ఇచ్చి, అందినట్టు మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. కోర్టు తనే జైలుకి తెలియజేస్తుందిలే అని ఊరుకుంటే కాగితం మధ్యలో ఆగిపోయిన రోజులన్నీ మీ ఆయన ఖాతాలోనే పడతాయి.

ఒకేసారి కట్టలేకపోతే కొంత కట్టినా ఫలితం ఉంటుంది. 10 వేలలో 5 వేలు కడితే ఆరు నెలల్లో మూడు నెలలు పోతాయి. అదనపు జైలు మొదలైపోయిన తర్వాత కట్టినా ఆ రోజు నుంచి ఆగిపోతుంది. అప్పీలు ఉంది కదా, కడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందేమోనన్న భయం వద్దు. అలా ఏమీ కాదు. అప్పీల్లో శిక్షే కొట్టేస్తే కట్టింది తిరిగి తీసుకోవచ్చు.

అసలు కట్టే స్థోమతే లేకపోతే కేంద్రం 2023లో పేద ఖైదీల కోసం తెచ్చిన పథకం ఉంది. శిక్ష పడినవాళ్ల జరిమానాకి 25 వేల దాకా జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది, విచారణలో ఉన్నవాళ్ల పూచీకత్తుకి కూడా సాయం ఉంది. గంజాయి, మనీ లాండరింగ్, అవినీతి, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల వాళ్లకి వర్తించదు. మీ కేసు వాటిలో లేదు. జైలు సూపరింటెండెంట్ ద్వారా గానీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా గానీ అడగండి.

రెమిషన్ గురించి ఊళ్లో చెప్పుకునేది సగం నిజం, సగం ఆశ. నడవడిక బాగుండి, ఇచ్చిన పని చేస్తే నెలకి కొన్ని రోజుల చొప్పున శిక్ష తగ్గుతుంది. అది ఖైదీ పేరు మీద కార్డులో ఎక్కుతుంది. లోపల గొడవపడితే, సెల్‌ఫోన్ లాంటివి దొరికితే అప్పటిదాకా వచ్చిన రెమిషన్ రోజుల్లోంచే శిక్షగా కోసేస్తారు. అందుకే ఇప్పుడే 2028 ఫలానా తేదీ అని ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి. ఆరు నెలలకోసారి ములాఖత్‌లో ఇప్పటిదాకా ఎన్ని రోజులు వచ్చాయి, ఏమైనా కోశారా అని ఆయన్ని అడిగి రాసుకోండి. 2029 జూన్ 6లోంచి ఆ అంకె తీసేస్తే అప్పటికి అసలు తేదీ తెలుస్తుంది.

గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం లాంటి సందర్భాల్లో ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక క్షమాభిక్ష వేరే సంగతి. దానికి ఎప్పటికప్పుడు జీవో వస్తుంది. ఏ నేరాలవాళ్లకి వర్తిస్తుంది, ఎన్నేళ్లు గడిపి ఉండాలి, ఎవరికి వర్తించదు అన్నది ఆ జీవోలోనే ఉంటుంది. అర్హుల జాబితా జైలు రికార్డు చూసి తయారవుతుంది. అర్హత ఉన్నవాడి పేరు దానంతట అదే వస్తుంది, లేనివాడి పేరు డబ్బిచ్చినా రాదు. జీవో రాకముందే పేరు పెట్టిస్తానన్నవాడు అమ్ముతున్నది గాలి. జైలు నుంచి మాట్లాడుతున్నాం, ఫోన్‌పే చేయండి అని ఫోన్లు కూడా వస్తుంటాయి. ఎవరు ఫోన్ చేసినా వెంటనే పెట్టేసి, మర్నాడు జైలుకి వెళ్లి అడగండి.

పెరోల్ అడిగే ఆలోచన ఉంటే ఒకటి తెలుసుకోండి. పెరోల్ మీద బయట ఉన్న రోజులు సాధారణంగా శిక్షలో కలవవు, విడుదల అన్ని రోజులు ఆలస్యమవుతుంది. ఫర్లో (నడవడిక బాగున్న ఖైదీకి ఇచ్చే సెలవు) రోజులు మాత్రం శిక్ష కిందే లెక్క. అలాగే అప్పీలు కోర్టు శిక్షని తాత్కాలికంగా నిలిపి బెయిలిస్తే, బయట గడిపిన కాలం మొత్తం లెక్కలోంచి పోతుంది. అప్పీలు ఓడితే మిగిలిన శిక్షకి మళ్లీ లోపలికి వెళ్లాలి. అప్పీల్లో శిక్ష తగ్గిన పక్షంలో తీర్పు సర్టిఫైడ్ కాపీ ఒకటి మీరే జైలుకి చేర్చండి. అయిదేళ్లు మూడేళ్లయిందన్న సంగతి జైలుకి తెలిసేది కాగితం వచ్చాకే.

ఇక పేకాట కేసు. చిన్న కేసే కదా అని వదిలేస్తే జూన్ 6న గేటు దగ్గర అడ్డం పడేది అదే. వదిలేముందు జైలు వాళ్లు ఈ ఖైదీ మీద ఇంకెక్కడైనా వారెంటు పెండింగ్ ఉందా అని చూస్తారు. మీ ఆయన లోపలున్న సంగతి ఆ కోర్టుకి తెలియకపోతే వాయిదాలకి రావట్లేదని ఎన్‌బీడబ్ల్యూ వేసి ఉండొచ్చు. అప్పుడు ఒక కేసులో విడుదల, ఇంకో కేసులో అరెస్టు. దీనికి మందు ముందే ఉంది. ఆ కోర్టులో మెమో వేసి ఫలానా జైల్లో ఉన్నాడని చెప్పి పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి కోర్టుకి రప్పించే ఉత్తర్వు) మీద పిలిపించమనండి. హాజరయ్యాక పాత వారెంటు రద్దు చేయించుకోవచ్చు, బెయిలు తీసుకోవచ్చు, కేసే తేల్చేసుకోవచ్చు. వచ్చే ఏడాది చేద్దాంలే అని వాయిదా వేయకండి.

ఆ కోర్టులో ఏం జరుగుతోందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో కేసుకి ఇచ్చే సీఎన్‌ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 16) కొడితే గత వాయిదా, రాబోయే వాయిదా, ఆ రోజు ఏం జరిగిందో వస్తాయి. నంబరు తెలియకపోతే జిల్లా, కోర్టు ఎంచుకుని పేరుతోనో, పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరుతోనో వెతకండి. పేరుతో వెతికేటప్పుడు ఇంగ్లిషు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా ప్రయత్నించాలి. కోర్టులో టైపు చేసిన స్పెల్లింగు, ఆధార్‌లో స్పెల్లింగు ఒకటే అయిన కేసులు తక్కువ. అప్పీలుకి కూడా వేరే నంబరు ఉంటుంది, లాయర్ని అడిగి రాసుకోండి.

విడుదల తేదీ మాత్రం ఆ యాప్‌లో ఉండదు. అది జైలు దగ్గరే. 1894 నాటి జైళ్ల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఏ ఖైదీ ఎప్పుడు విడుదల కావాలో చూపే పుస్తకం ప్రతి జైల్లోనూ ఉండాలి. ఇప్పుడు ఆ వివరాలు ఈ-ప్రిజన్స్ కంప్యూటరులోకి కూడా ఎక్కుతాయి. మీ ఆయన్ని ఖైదీ నంబరుతో సహా సూపరింటెండెంట్‌కి ఒక అర్జీ రాయమనండి: నా శిక్ష కాలం, సెట్ ఆఫ్ రోజులు, ఇప్పటిదాకా వచ్చిన రెమిషన్, జరిమానా వివరం, విడుదల తేదీ తెలపగలరు. నాలుగు లైన్లు చాలు. హైకోర్టులో బెయిలు పిటిషన్లప్పుడు ఈ వివరాలే నామినల్ రోల్ అన్న పేరుతో జైలు నుంచి వస్తాయి. మీ లాయరు దగ్గర అలాంటిది ఇప్పటికే ఉందేమో అడగండి.

ములాఖత్‌ని ఆన్‌లైన్‌లో ఈ-ములాఖాత్ ద్వారా ముందే బుక్ చేసుకుని, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. కాకినాడ నుంచి అంత దూరం వెళ్లి, కలవకుండానే తిరిగి రావడం తప్పుతుంది.

అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం. జైలు ప్రజా సమాచార అధికారి పేరు మీద, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి పంపండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే వీలుంది కాబట్టి, మీ ఆయన సంతకంతో పెట్టించడం మేలు. చట్టంలో 48 గంటల్లో ఇవ్వాలన్న మాట కూడా ఉంది గానీ అది ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారానికి. తేదీ దాటిపోయినా వదలకపోతే అప్పుడు దాన్ని వాడండి. ఇప్పుడే రాస్తే పక్కన పెట్టేస్తారు.

లాయరు ఫీజు భారమనుకుంటే న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. జైల్లో ఉన్నవాళ్లెవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం చెప్పిందే అది. సెట్ ఆఫ్ పిటిషన్, పేకాట కోర్టు మెమో ఇలాంటివి వాళ్ల లాయర్లు వేస్తారు.

మీ ఉత్తరంలాంటివే ఇంకా కొన్ని వస్తుంటాయి కాబట్టి, శిక్ష ఇంకా పడనివాళ్ల ఇంటివాళ్ల కోసం కూడా రెండు ముక్కలు. విచారణ ఖైదీకి విడుదల తేదీ అంటూ ఉండదు, బెయిలే దారి. బెయిలు ఇచ్చారని ఫోన్ రాగానే జైలు గేటు దగ్గరికి పరుగెత్తకండి. జామీనుదారులు కోర్టులో సంతకాలు పెట్టాలి, పూచీ అంగీకరించాలి, విడుదల ఉత్తర్వు జైలుకి చేరాలి. సాయంత్రం లాకప్ వేశాక చేరితే మర్నాడే. బెయిలు ఉత్తర్వు అదే రోజో మర్నాడో ఈ-మెయిల్లో జైలుకి పంపాలని, ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే సూపరింటెండెంట్ న్యాయసేవాధికార సంస్థకి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. వారం దాటితే ఆ ఉత్తర్వు పేరు చెప్పి సంస్థ కార్యదర్శిని కలవండి. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం, మిగతావాళ్లు సగం లోపలే గడిపితే బీఎన్‌ఎస్‌ఎస్ 479 కింద బెయిలు అడగొచ్చు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి, ఒకటికి మించి కేసులున్నవాళ్లకి అది పనికిరాదు.

యావజ్జీవం అంటే 14 ఏళ్లని చాలామంది అనుకుంటారు. కాదు, బతికున్నంత కాలం. హత్యలాంటి, మరణశిక్షకీ వీలున్న నేరాల్లో యావజ్జీవం పడితే 14 ఏళ్లు జైల్లో గడపకముందు ప్రభుత్వం వదలడానికి వీల్లేదని మాత్రమే చట్టంలో ఉంది. 14 దాటగానే గేటు తెరుచుకోదు. గంజాయి కేసుల్లో అయితే మామూలు రెమిషన్‌కి కూడా ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 32-ఏ సెక్షన్ అడ్డుపడుతుంది.

మళ్లీ మీ దగ్గరికి. విడుదల ఏ వారం అన్నది తేలాక, నాలుగైదు రోజుల ముందు జైలు ఆఫీసుకి వెళ్లి తేదీ, వేళ కనుక్కోండి. ఆ రోజు ఆదివారమో సెలవో అయితే ఏ రోజు వదులుతారో కూడా అప్పుడే అడగండి. లోపలికి వెళ్లేటప్పుడు అప్పజెప్పిన ఉంగరం, ఫోన్, డబ్బు రిజిస్టరు చూసి తిరిగి ఇస్తారు. సంతకం పెట్టేముందు సరిచూసుకోమనండి. జైల్లో చేసిన పనికి కూలి జమ ఉంటే అదీ అడగాలి. విడుదల కాగితం మాత్రం గేటు దాటగానే దగ్గర్లో రెండు జిరాక్సులు తీయించండి. పేకాట కేసు అప్పటికీ తేలకపోతే తర్వాతి వాయిదాకి లాయరు మొదట అడిగేది ఆ కాగితమే.